నవ్వు రాని వాక్యం కోసం ఆళ్లగడ్డకు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెయ్యి మైళ్లు. సరే, నలభై కిలోమీటర్ల పైచిలుకు. నాతో బయల్దేరే పాఠకులు ముందే ఒక జాగ్రత్త తీసుకోవాలి. నేను చెప్పే ప్రతి అంకెనూ పదితో భాగించుకోండి. ఇరవైతో భాగించినా నాకు కోపం రాదు. మా ఇంట్లో అందరూ అదే చేస్తారు. "తలనొప్పితో తల పగిలిపోతోంది" అని నేనంటే మా ఆవిడ పేపర్లోంచి తల కూడా ఎత్తదు. "కొంచెం నొప్పిగా ఉంది" అన్నానంటే మాత్రం పరుగెత్తి వెళ్లి ఆటో పిలుస్తుంది.

ఇరవై ఏళ్లుగా ఒక చిన్న మాసపత్రికలో హాస్యం రాస్తున్నాను. చీమను ఏనుగు చేయడం నా వృత్తి. ఆ ఏనుగుకు అంబారీ కట్టడం నా సరదా. ఈ వృత్తి వల్ల నాకు జరిగిన మేలు ఆవగింజంత, కీడు నల్లమల అంత. ఆ కీడు గురించి చెప్తేగానీ ఈ ప్రయాణం ఎందుకో తెలియదు.

నంద్యాలలో నేను చదివిన మిషన్ బడిలో రూతమ్మ టీచర్ తెలుగు చెప్పేవారు. ఆమె భర్త దానియేలు సార్ మాకు డ్రిల్లు మాస్టరు. పోయిన ఏడాది టీచరమ్మ పోయారు. చర్చిలో ఆదరణ కూడిక పెట్టి, పాత విద్యార్థుల తరఫున నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. నాలుగు మాటలతో ఆపడం నా వల్ల ఏనాడైనా అయిందా? అక్షర సముద్రమన్నాను, జ్ఞాన శిఖరమన్నాను. ఊపు వచ్చేసింది. "ఓర్పులో భూదేవి! తన జీవితంలో ఏ ఒక్క పిల్లవాడి మీదా చెయ్యెత్తి ఎరుగదు!" అన్నాను.

మూడో వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత చర్చి చర్చంతా నవ్వింది. ఎందుకంటే టీచరమ్మ కర్ర స్కేలు రుచి చూడని అరచెయ్యి ఆ చర్చిలో ఒక్కటీ లేదు. పాస్టరుగారు కూడా పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ముందు వరసలో కూర్చున్న దానియేలు సార్ ఒక్కడే నవ్వలేదు. లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత పదకొండు నెలలు నాతో మాట్లాడలేదు. ఈ పదకొండును మాత్రం దేంతోనూ భాగించకండి.

పోయిన ఆదివారం ఆయనే మా గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"ఒరే గోపాలూ, ఆళ్లగడ్డలో రాయి చెక్కమని చెప్పినా, సమాధికి. వచ్చే ఆదివారం ఏడాది కూడిక. ఆ పొద్దుకు నాటాల. పేరు, తేదీలు నేను రాసిచ్చినా. కింద ఒక్క వాక్యం నువ్వు రాయాల."

"నేనా సార్?"

"నేను అడగల్యా. ఆమె అడిగింది. ఆస్పత్రిలో పండుకోని చెప్పింది. 'రాయి మీద మాట గోపాలుతో రాయించు, వాడు ఒక్కసారన్నా నిజం రాయాల' అనింది. కుదర్దనుకున్యా ఇన్ని నెల్లు. ఆమె మాట తీసేసేకి నేనెవర్ని?"

నేను నోరు తెరిచేలోగా ఆయన వేలెత్తాడు.

"ఒక్క మాట ఎక్కువ రాసినావనుకో, ఆ రాయిని తెచ్చి నీ ఇంటి ముందర బట్టలుతికే బండ చేస్తా. ఆమె పేరు చెప్పంగానే జనం మల్లా నవ్వితే నేను ఓర్చుకోలేను రా."

మొదటి మాటకు నవ్వొచ్చింది. రెండో మాటకు లోపలికి పోయి కాగితం, కలం వెతుక్కున్నాను.

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి ఇంట్లోంచి బయల్దేరాను. జేబులో నలభై వేల చిత్తుప్రతులు. సరే, మూడు. నంద్యాల బస్టాండులో సార్ అప్పటికే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్లదారానికి వేలాడే ఇత్తడి ఈల. రిటైరై ఇరవై ఏళ్లయినా ఆ ఈల మెడ దిగలేదు.

"ఈల ఎందుకు సార్?"

"దారిలో నువ్వు మాట్లాడ్తావు కదా. హద్దు దాటితే ఊదుతా. ఆళ్లగడ్డ చేరే లోపల నిన్ను శుభ్రంగా తోమాల."

ఏడూ పదికి కడప వైపు పోయే బస్సు వచ్చింది. కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ "రండి రండి, బస్సంతా ఖాళీ!" అని కేక వేశాడు. లోపల కాలు పెట్టడానికి కాలంత చోటు కూడా లేదు. ఆడవాళ్లకు టికెట్టు లేని రోజులు కదా, మొత్తం జిల్లా ఆడవాళ్లంతా ఆ ఒక్క బస్సులోనే ఉన్నారు. బస్సు కదిలాక ఈ వాక్యం నేను పైకే అన్నాను. సార్ ఈల ఊదాడు.

బస్సు ఆగిపోయింది.

ఈ బస్సు కండక్టరు ఈలతోనే డ్రైవరుకు సైగ చేసే పాతకాలపు మనిషి. ఒక ఈలకు ఆగాలి, రెండు ఈలలకు కదలాలి. డ్రైవరు బ్రేకు తొక్కాడు. నిలబడిన వాళ్లంతా ఒకరి మీద ఒకరు వాలారు. టమాటా గంపతో నా పక్కన నిలబడ్డ పెద్దామె గంపను రెండు చేతులా పట్టుకుని సార్ వైపు తిరిగింది.

"ఏం పెద్దాయనా, ఈలేస్తాండావు? నీకేమన్నా మతి తప్పిందా?"

"నాకు కాదమ్మా, వీనికి తప్పింది. అబద్ధాలాడ్తాండాడు."

"అబద్ధాలాడితే బస్సు ఆపుతారా? అట్లయితే ఈ బస్సు ఆళ్లగడ్డ చేరదు లే!"

బస్సంతా నవ్వింది. కండక్టరు వచ్చి సార్‌కు దండం పెట్టి, "అప్పా, నీకు పున్నెముంటాది, ఆ ఈల జోబీలో పెట్టుకో" అన్నాడు. సార్ పెట్టుకోలేదు గానీ, ఇకమీద మెల్లగా ఊదుతానని మాటిచ్చాడు.

ఊరు దాటేదాకా రెండు వైపులా ఫ్లెక్సీలు. ఎవరో పుట్టినరోజు. "సీమ సింహం, యువ కిరణం, పేదల పెన్నిధి" అని రాసుంది. సింహానికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు. కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ముఖాలు ముప్పై ఉన్నాయి. అందులో సగం ముఖాలు ఆ పక్క ఫ్లెక్సీలో తామూ సింహాలే. నంద్యాలలో ఇప్పుడు ఎన్ని సింహాలున్నాయో చూస్తే నల్లమలలో పులులకు భయం పట్టుకోవాలి అన్నాను. సార్ నా వైపు చూశాడు. సింహాలన్నది నా మాట కాదు, ఫ్లెక్సీల మీది మాటే కదా అని ఊదలేదు.

ముందు సీట్లో గొర్రెల వ్యాపారం చేసే మనిషి ఒకాయన కూర్చున్నాడు. చాగలమర్రికి పోతున్నాడట. బస్సు నంద్యాల పొలిమేర దాటిందో లేదో, ఆయన ఫోన్లో అరవడం మొదలుపెట్టాడు.

"వొచ్చేసినా మామా! ఆళ్లగడ్డ దాటినా! ఐదు నిమిషాలు! నువ్వు రోడ్డు మీదికి రా పా!"

సార్ చెయ్యి మెడ మీదికి వెళ్లింది. నేను ఆ చెయ్యి పట్టుకునేలోగా ఈల మోగనే మోగింది. బస్సు రెండోసారి ఆగింది, ఈసారి మిరప చేల మధ్య. కండక్టరు ఆకాశం వైపు చూశాడంతే. గొర్రెల వ్యాపారి వెనక్కి తిరిగి, "నా మామకు నేను చెప్పే అబద్ధానికి నీకేం కష్టమప్పా? ఐదు నిమిషాలంటే గంటన్నర అని ఆయనకు తెల్సు. గంటన్నర అని చెప్తే మధ్యాన్నం వస్తానేమో అనుకుంటాడు" అన్నాడు. టమాటా పెద్దామె "నిజమే" అంది. సార్ ఈలను చొక్కాకు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఇరవై ఏళ్ల నా వృత్తికి ఒక వకీలు దొరికినట్టయింది.

శిరివెళ్ల దగ్గర రోడ్డుకు అడ్డంగా బర్రెల మంద వచ్చింది. ఎడమ పక్క పొగమంచులో నల్లమల కొండలు. బర్రెలను చూడగానే సార్ నవ్వాడు. పదకొండు నెలల తర్వాత ఆయన నవ్వు చూడటం అదే మొదలు.

"నీ బర్రె కథ నాకు తెల్సు లే. రూతు చెప్పింది."

మీకు తెలియదు కాబట్టి చెప్తాను. ఆరో తరగతిలో 'మా పెంపుడు జంతువు' అని వ్యాసం రాయమన్నారు. మా బర్రె పూటకు నలభై లీటర్లు పాలిస్తుందని రాశాను. మా పేటంతా ఆ పాలతోనే బతుకుతోందని కూడా రాశాను. ఆ సాయంత్రం రూతమ్మ టీచర్ మా ఇంటికి వచ్చారు. చంకలో పెద్ద ఇత్తడి బిందె. "నలభై లీటర్లంట కదా, ఒక బిందెడు పోయించుకుందామని వచ్చినా" అన్నారు మా అమ్మతో. మా అమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. టీచరమ్మ కొట్టంలోకి వెళ్లి, అరుగు మీద కూర్చుని, పాలు పితికేదాకా ఉండి చూశారు. చెంబుడు వచ్చాయి. ఆ చెంబులోకి చూసి, "మంచి పాలు రా. నలభై అని రాస్తే ఈ చెంబుడికి మర్యాద లేకపాయ కదా" అన్నారు. వ్యాసానికి సున్నా వేశారు. మర్నాడు అదే వ్యాసాన్ని తరగతిలో గట్టిగా చదివి వినిపించారు. తరగతి నవ్వి నవ్వి పడిపోయింది. సున్నా కింద ఎర్ర సిరాతో "ఇంకోటి రాసి తీసుకురా" అని ఉంది. నేను హాస్యం రాసేవాణ్ణి కావడానికి ఆ సున్నాయే కారణం.

ఎనిమిదింబావుకు ఆళ్లగడ్డలో దిగాం. రోడ్డు మీది హోటల్లో బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బోర్డు మీద 'ప్రపంచ ప్రసిద్ధ' అని ఉంది. లోపల నాలుగు బల్లలు. సార్ యజమానిని పిలిచి, "ప్రపంచం ఈడ కూసోవాలంటే ఎంతమంది పడ్తారప్పా?" అని అడిగాడు. యజమాని గంటె దించకుండానే, "పదారు మంది సార్. సర్దుకుంటే ఇరవై" అన్నాడు. మీరు వెళితే బజ్జి జాగ్రత్తగా కొరకండి. ఆ మిరపకాయ తిన్నాక నాకు మా తాత ముత్తాతలు ముగ్గురూ కనబడ్డారు. చిన్న ఈల పడింది.

తొమ్మిదిన్నరకు శిల్పి వీరాచారి రాతి కొట్టం చేరాం. రోడ్డు వారగా దేవుళ్లు, నందులు, సింహాలు వరసగా నిలబడి ఉన్నారు. ఫ్లెక్సీల్లో సింహాల కన్నా వీటికి మీసాలు బాగున్నాయి. ఇంకా ముఖం చెక్కని నాయకుడొకడు చెయ్యెత్తి ఎవరినో దీవిస్తున్నాడు. రంపాల రొద. నేల, చెట్లు, మనుషులు అంతా తెల్లటి రాతి దుమ్ము. వీరాచారికి నా వయసే ఉంటుంది. దుమ్ము వల్ల ఆయన కనుబొమలకు మాత్రం నూరేళ్లు.

రాయి సిద్ధంగా ఉంది. మోకాలెత్తు నల్లరాయి, అద్దంలా నునుపు చేసి బల్ల మీద పడుకోబెట్టారు. పైన 'రూతమ్మ, తెలుగు టీచర్, నంద్యాల' అనీ, కింద పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ ఎర్రజాజు రంగుతో రాసి ఉన్నాయి. ఆ కింద జానెడు జాగా ఖాళీ. జేబులో చిత్తుప్రతులను ఇంకోసారి తడుముకున్నాను.

"మా కొట్టంలో ఒక పద్ధతుండాది అన్నా," అన్నాడు వీరాచారి. "నువ్వు చెప్పిన మాట మొదట జాజుతో రాస్తా. మిషన్లు ఆపిస్తా. నువ్వు అందరి ముందర మూడుసార్లు గట్టిగా చదవాల. ఎవురన్నా నవ్వితే తడిగుడ్డ పెట్టి తుడిచేస్తా. నవ్వకపోతేనే ఉలి పెడ్తా."

"ఎందుకప్పా ఈ పద్ధతి?"

"మా నాయన పెట్టినాడు. ఒకాయన సమాధికి దానకర్ణుడని చెక్కినాడంట. పిల్లికి గింజ పెట్టనోడు ఆయన. జనం పనిగట్టుకోని పోయి రాయి చూసి నవ్వొచ్చేవాళ్లు. ఆ ఇంటోళ్లు రాయి పీక్కోనొచ్చి, బోర్లేసి, వెనకపక్క మల్లా చెక్కించుకున్యారు. జాజు తుడిస్తే పోతాది. ఉలి పడితే పోదు కదన్నా."

ఇరవై ఏళ్లుగా జనం నవ్వాలని రాసినవాణ్ణి. నవ్వితే ఓడిపోయినట్టని చెప్పే చోటికి వచ్చి పడ్డాను.

మొదటి చిత్తు ఇచ్చాను. నిజానికి దాన్ని చించేయాలనే తెచ్చాను, కానీ చేతికి అదే వచ్చింది. వీరాచారి సన్నటి కుంచెతో రాశాడు. రంపాలు ఆగాయి. ఆరుగురు పనివాళ్లు చుట్టూ చేరారు. ఎదురుగా రోడ్డవతల టీ అంగడి నడిపే షంషాద్ గ్లాసులు తీసుకుని వచ్చి నిలబడింది. నలభై అయిదేళ్లుంటాయి. నేను చదివాను.

"అక్షర సముద్రం, ఓర్పులో భూదేవి, రూతమ్మ."

షంషాద్ పకపకా నవ్వింది. గ్లాసుల్లో టీ తొణికింది.

"ఓర్పంటనా! అన్నా, నంద్యాల మిషన్ బడి రూతమ్మ టీచరేనా ఈయమ్మ? నేనూ ఆడనే చదివినా ఏడు దాకా. ఇదో చూడు నా అరచెయ్యి! స్కేలు దెబ్బకు నాకు రేఖలే మారిపాయ!"

పనివాళ్లూ నవ్వారు. వీరాచారి తడిగుడ్డతో తుడిచేశాడు. దానియేలు సార్ ముఖం మాడిపోయింది. నంద్యాలలో నవ్వారు, సరే. నలభై కిలోమీటర్ల దూరం వచ్చినా ఆ పేరుకు నవ్వే. ఆయన వెళ్లి, సగం చెక్కిన నంది మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఈల కూడా ఊదలేదు. ఊది ఉంటే బాగుండేది.

రెండో చిత్తు ఇచ్చాను. "వేలాది విద్యార్థుల వెలుగు బాట." రెండోసారి చదివేలోగా పనివాళ్లలో ఇద్దరు ముఖాలు తిప్పుకున్నారు. ఒకడు ఆపుకోలేకపోయాడు.

"ఏంది రా?" అన్నాడు వీరాచారి.

"ఏంల్యా అన్నా. వెలుగు బాట ఇది ఐదోది ఈ ఏడు. నాలుగోది ఆడ గోడకానించి ఉండాది సూడు."

చూశాను. ఉంది. ఒక హెడ్మాస్టరుగారిది. తడిగుడ్డ.

మూడోది చాలా జాగ్రత్తగా రాసుకున్నది. అందులో ఒక్క అలంకారం లేదు. "మంచి టీచర్." అంతే. చదివాను. ఎవరూ నవ్వలేదు. మూడుసార్లు చదివాను. నవ్వలేదు. గెలిచాననుకున్నాను. వీరాచారి మాత్రం ఉలి తీయలేదు.

"నవ్వు రాల్యా అన్నా. ఇంకేమీ గూడా రాల్యా. పేరు మారిస్తే ఈ మాట ఎవురికైనా అతుకుతాది. నువ్వు చెక్కమంటే చెక్తా. చెప్పు."

సార్ నంది మీంచి తిరిగి చూడకుండానే అన్నాడు. "వద్దు లే వీరాచారీ. పేరు, తేదీలు చాలు. ఆ జాగా అట్లే ఉండనీ. ఆమె చెప్పింది నేను చేసినా. వీనికి చేతకాల్యా."

ఆ జానెడు జాగా జీవితమంతా నన్ను చూసి నవ్వుతుందని అర్థమైంది. పొడుగు చేసి రాస్తే అబద్ధం. కురచ చేసి రాస్తే ఏమీ కాదు. ఈ రెండింటికీ మధ్య నడిచే అలవాటు నా కాళ్లకు లేదు.

షంషాద్ ఇంకా అక్కడే ఉంది. ఖాళీ గ్లాసులు చేతిలో పట్టుకుని రాయి వైపే చూస్తోంది. రోడ్డవతల అంగట్లో స్టవ్వు మీద పాలున్నాయి.

"అన్నా," అంది, "మీ ఇంటికి గూడా వచ్చిందా టీచరమ్మ?"

"వచ్చింది. మా బర్రెను చూడ్డానికి బిందె తీసుకోని వచ్చింది."

"మా ఇంటికి పొయ్యి చూసేకి వచ్చింది." గ్లాసులు రాయి పక్కన పెట్టింది. "మా నాయన జట్కా తోలేవాడు. నేను బడిలో శానా కోతలు కోసేదాన్ని లే. మా గుర్రం రైలు కంటే ముందర పోతాదనేదాన్ని. ఒగసారి గుర్రం చచ్చిపాయ. ఏంటికి నిద్రపోతాండావు క్లాసులో అని టీచరమ్మ అడిగితే, మా ఇంట్లో మూడు దినాలాయ పొయ్యి ముట్టించి అన్యా. క్లాసంతా నవ్వింది. షంషాద్ మల్లా మొదలుపెట్టిందిరా అన్యారు. టీచరమ్మ నవ్వల్యా. స్కేలు గూడా తీయల్యా. సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మా అమ్మతో ఒక్క మాట మాట్లాడల్యా. పొయ్యి కాడ కూసోని బూడిదలో చెయ్యి పెట్టి చూసింది. సల్లగుండాది బూడిద. లేసి పాయ."

"తర్వాత?" అన్నాను.

"మర్సటి దినం నుంచి ఆయమ్మ డబ్బాలో రెండు జొన్నరొట్టెలు ఎక్కువుండేవి. 'నాకు ఎక్కువైనాయి, పారెయ్యలేను, తిను' అనేది. ఎండాకాలం సెలవులు ఇచ్చేదాకా, ఆ ఏడంతా."

నంది మీంచి సార్ లేచాడు. మెల్లగా వచ్చాడు.

"యే ఏడు అమ్మా అది? నువ్వు యా క్లాసు?"

"ఆరు సార్."

ఆయన వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు. ఆయన ముఖం రంగు మారింది.

"ఆ ఏడు... ఆ ఏడు నాకు చక్కెర జబ్బు వస్తాదని చెప్పింది. డాక్టరు చెప్పినాడంది. రోజుకు రెండు రొట్టెలు తగ్గించింది. నేను డ్రిల్లు మాస్టర్ను! పిల్లోళ్లతో మైదానం చుట్టూ పరిగెత్తి, ఆకలికి కండ్లు తిరిగి, గోల్‌పోస్టు పట్టుకోని నిలబడేవాణ్ణి. ఎండాకాలం సెలవులు రాంగానే జబ్బు నయమాయంది. ఏ డాక్టరూ ల్యాడు! ఏ జబ్బూ ల్యా!"

కొట్టమంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన మెడలోని ఈల తీసి నోట పెట్టుకున్నాడు. రాయి మీద ఎర్రజాజుతో ఉన్న పేరు వైపు చూస్తూ, సన్నగా ఊదాడు.

"ఫౌల్, రూతూ," అన్నాడు.

మొదట నవ్వింది ఆయనే. తర్వాత షంషాద్, వీరాచారి, ఆరుగురు పనివాళ్లు. ఏ నవ్వు వినకూడదని సార్ పదకొండు నెలలు నాతో మాట్లాడలేదో, ఆ నవ్వు మధ్యలో నిలబడి కళ్లు తుడుచుకున్నాడు. రోడ్డవతల పాలు పొంగి స్టవ్వు ఆరిపోయిన వాసన వచ్చింది. షంషాద్ కదలలేదు.

నేను చిత్తుప్రతుల వెనక వైపు రాశాను. రాయడానికి అరనిమిషం పట్టింది. వీరాచారి చేతికిచ్చాను. ఆయన ఒకసారి చదువుకుని, కుంచె ముంచి ఆగాడు.

"చూసేది అని రాసినావు. చూసేవారు అని పెట్టల్యా? మర్యాదుండాల కదా రాయి మీద?"

సార్ అడ్డం వచ్చాడు. "చూసేది అనే పెట్టు. వారు అంటే ఆమెకు నచ్చదు. నేను ఒక్కదాన్నే కదా, నన్నేమిటికి గుంపు చేస్తారు అనేది."

మళ్లీ రంపాలు ఆపారు. నేను చదివాను.

"చెప్పింది వినేది, ఇంటికి వచ్చి చూసేది."

రెండోసారి చదివాను. మూడోసారి నేను పక్కకు జరిగాను, షంషాద్ చదివింది. ఎవరూ నవ్వలేదు. గోడకు ఆనించిన వెలుగు బాట దగ్గర నిలబడ్డ పనివాడు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. వీరాచారి ఉలి తీసుకున్నాడు. మొదటి అక్షరం పూర్తయ్యేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు, అదీ ఆ కొట్టం పద్ధతేనట. ఇరవై ఏళ్లలో నేను రాసినదానికి నవ్వు రాకపోవడం ఇది మొదటిసారి కాదు. దానికి నేను సంతోషించడం మాత్రం మొదటిసారి.

పన్నెండున్నరకు సంగటి, చెనిక్కాయల చట్నీ తిన్నాం. రెండుంబావుకు నంద్యాల బస్సు దొరికింది. విచిత్రంగా, ఉదయం వచ్చిన కండక్టరే. సార్‌ను చూడగానే రెండు చేతులూ జోడించాడు. సార్ ఈలను తీసి చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నాడు.

కిటికీ పక్కన సీటు దొరికింది. మా మధ్య డోనుకు పోయే ముసలాయన ఒకడు కూర్చుని, ఎక్కణ్ణుంచి వస్తున్నారని అడిగాడు. సార్ మొదలుపెట్టాడు.

"మా ఇంటిదానికి రాయి చెక్కిస్తాండామప్పా. ఏం మనిషనుకున్యావు! ఒక పిల్లకు అన్నం పెట్టేకి నాకు ఏడాది పస్తు పెట్టింది. ఏడాది! ఒక్క మెతుకు కూడా ముట్టనీల్యా నన్ను!"

"ఏడాది పస్తుండి యాట్ల బతికినావప్పా?"

"గాలి తిని బతికినా!"

నేను సార్ చొక్కా జేబు వైపు చూశాను. ఆయన దాన్ని అరచేత్తో మూసుకున్నాడు. శిరివెళ్ల దాటేసరికి రెండు రొట్టెలు ఆరయ్యాయి, గోల్‌పోస్టు దగ్గర ఆయనకు కళ్లు తిరగడం స్పృహ తప్పడమైంది. నంద్యాల ఫ్లెక్సీలు కనబడేసరికి ఆ ఏడు బడి బడంతా ఆయన రొట్టెలే తిన్నది. డోను ముసలాయన కళ్లు పెద్దవి చేసుకుని వింటున్నాడు. ఆమెను ఎన్నడూ చూడని మనిషి ఆమె కోసం "అబ్బా" అన్నాడు. మూడూ నలభైకి బస్టాండులో దిగేటప్పుడు సార్ నా భుజం పట్టుకుని, "కొంచెం ఎక్కువైందా రా?" అన్నాడు. "చాలా తక్కువ సార్" అన్నాను.

రాయి శనివారం టెంపోలో వచ్చింది, ఆదివారం నాటాం. టమాటా పెద్దామె చెప్పినట్టు, ప్రతి అబద్ధానికీ బస్సు ఆపితే మనమెవరమూ ఊరు చేరం. మామకు ఐదు నిమిషాలని చెప్పొచ్చు, నాలుగు బల్లల హోటల్లో ప్రపంచాన్ని కూర్చోబెట్టొచ్చు, మీసం రాని సింహాన్ని గోడకెక్కించొచ్చు. నేనూ రేపటి నుంచి మళ్లీ చీమను ఏనుగు చేస్తాను. ఆ చెంబుడు పాల దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం, చంకలో బిందెతో ఎవరో గుమ్మంలో నిలబడ్డట్టు ఉంటుంది.

ఈ ప్రయాణంలో బస్సు నిజంగా రెండుసార్లు ఆగిందా, పాలు నిజంగా పొంగాయా అని మీకు అనుమానం రావచ్చు. రావాలి కూడా. ఆళ్లగడ్డలో షంషాద్ టీ అంగడి రాతి కొట్టాలకు ఎదురుగానే ఉంది, అరచెయ్యి అడిగితే చూపిస్తుంది. నంద్యాలలో సమాధుల తోట గేటు దాటాక ఎడమ పక్క వరసలో ఏడో రాయి. నా మాట నమ్మకండి. వచ్చి చూడండి.